కడుపుతో ఉన్న కోడలికి కల్లు వద్దు
(మండల సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ముందు మాట్లాడినోళ్లు చెప్పిండ్రు. మేం కల్లు గురించి చెప్తం, అదీ కడుపుతో ఉన్నోళ్ల మటుకే.

మన దగ్గర ఆడోళ్లు కల్లు తాగుడు కొత్త కాదు. పండుగకు, పెండ్లికి, నాట్లేసి వచ్చి ఒళ్లు నొస్తే తాగుతరు. కోడలికి నెల తప్పినంక కూడా అత్తలు ప్రేమతోనే ఒక గ్లాసు పోస్తరు, "సలవ చేస్తది, నిద్ర పడ్తది" అని. మా సంఘం మీటింగుల ఒక పెద్దమ్మ గట్టిగనే అడిగింది: "మేం తాగలేదా, మాకు పిల్లలు పుట్టలేదా?" నిజమే, తాగిన ప్రతి తల్లి బిడ్డకూ దెబ్బ తగుల్తదని కాదు. కానీ ఎవరి బిడ్డకు తగుల్తదో ముందుగాల చెప్పే పరీక్ష లేదు.

తల్లి తాగిన మత్తు మాయ గుండా బిడ్డ రక్తంలోకి పోతుంది. దాన్ని తట్టుకునేంత లివర్ బిడ్డకు ఇంకా తయారు కాదు. కడుపు పోవచ్చు, బరువు తక్కువ పుట్టొచ్చు, పెరిగినంక చదువు ఎక్కకపోవచ్చు. మెదడుకు తగిలిన దెబ్బను మందులతో మాన్పలేం. ఇంత వరకు తాగొచ్చనే కొలత లేదు. "పొద్దుగాల దించింది మంచిదే" అంటరు గాని, కల్లు కుండల ఉన్నప్పుడే పులుసుడు మొదలుపెడ్తది.

ఇగ మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం కలిపితే పట్టుకున్నరని పేపర్లల్ల చూస్తనే ఉన్నం. ఈ మాట గీత కార్మికుల మీద కోపంతో అంటలేం. ఆ ఇండ్ల అక్కలు మన సంఘాల్లోనే ఉన్నరు. చెట్టెక్కి కష్టపడే గౌడన్నకు కూడా మందు కల్లుతో నష్టమే.

ఒక జాగ్రత్త. రోజూ తాగే అలవాటున్న ఆమెతో ఇంట్లనే ఒక్కసారి బంద్ చేయించొద్దు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కల్లు ఆగిపోయినప్పుడు చానా మంది వణుకుతో, ఫిట్స్‌తో దవాఖానల పాలయ్యిండ్రు. ఆశమ్మను తోడు తీసుకొని డాక్టరుకు చూపించాలె. తిట్టొద్దు, తిడితే దాచుకొని తాగుతది.

బలం కోసమైతే అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంది: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఆ గుడ్డు ఇంటికి తెచ్చి పెద్ద పిల్లకు పెట్టుడు ఇంకో గోస.

మా గ్రామ సమాఖ్యలో రెండు తీర్మానాలు రాసినం. నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజు నుంచే కల్లు మానాలె, మూడో నెల దాకా ఆగొద్దు. అంగన్‌వాడీ మీటింగుకు కోడలితో పాటు అత్తను కూడా పిలవాలె, గ్లాసు పోసేది ఆమెనే కదా. మొదటి మీటింగుకు అత్తలు తక్కువే వచ్చిండ్రు. వచ్చే నెల పొదుపు కట్టే రోజే పెడుతున్నం, అప్పుడెట్లైనా వస్తరు.