పాత ఆటకు కొత్త తూనికరాళ్లు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయంలో వీడియో గేములను గూర్చిన ప్రసంగమా అని పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చు. అయితే ఇటువంటి ఉత్సవం పాతదానికి విలువ కట్టే సందర్భం. అలా విలువ కట్టడంలో జరిగే పొరపాట్లు ఆటల విషయంలో కనిపించినంత తేటగా మరెక్కడా కనిపించవు. గ్రంథం పాతబడడానికి తరాలు పడుతుంది. వీడియో గేము పది సంవత్సరాలలోనే పాతబడుతుంది. అందువల్లనే ఒకే ఇంటిలో తండ్రి మురిసిపోయిన ఆట కుమారుని కంటికి పురావస్తువుగా తోస్తుంది.

ఈ ఆటల చరిత్ర దీర్ఘమైనది కాదు. ఈ పాఠశాల తొలినాటి విద్యార్థులు ఎదుగుతున్న దినాలలో, 1958లో, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త సందర్శకుల వినోదార్థం ఆసిల్లోస్కోపు తెరపై టెన్నిస్ ఆటను రూపొందించాడు. అది ఒక గీత, ఒక వెలుగు చుక్క, అంతే. 1990ల నాటికి ఈ ఆటలు భారతదేశంలోని చిన్న పట్టణాలకు సైతం చేరాయి. టెలివిజన్‌కు తగిలించే చిన్న పెట్టె, తీగలతో వేలాడే రెండు మీటల పలకలు, "క్యాసెట్" అని పిలిచే ప్లాస్టిక్ బిళ్ల ఆనాటి సరంజామా. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో దుమ్ము ఊది మళ్లీ దూర్చడం ఆ తరం పిల్లలందరికీ తెలిసిన వైద్యం. తరువాత కంప్యూటర్ గదిలో డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా వచ్చాయి. 1997లో నోకియా ఫోన్‌లోకి పాము ప్రవేశించింది.

నేడు ఆ తరంవారు తల్లులు, తండ్రులు అయ్యారు. వారిలో ఒకరు పాత మారియో ఆటను పిల్లవానికి చూపితే రెండు తీర్పులు వెలువడుతాయి. "ఆటలంటే అప్పటివే, ఇప్పటివన్నీ హంగులు" అనేది పెద్దల తీర్పు. "బొమ్మలు గళ్లు గళ్లుగా ఉన్నాయి, కథ లేదు, ప్రాణం పోతే మళ్లీ మొదటికి రావాలి, ఇదేమి ఆట" అనేది పిల్లల తీర్పు. మొదటిది బాల్యం మీది మమకారం, రెండవది అలవాటు. ఆటను పరీక్షించి చెప్పిన మాట రెండింటిలో ఏదీ కాదు.

కోలారు జిల్లా రాగులను శేర్లతోను, బంగారాన్ని తులాలతోను తూచిన సీమ. ఏ సరుకుకు ఏ తూనికరాయి అన్న వివేకం ఇక్కడివారికి కొత్తగా చెప్పనవసరం లేదు. పాత ఆటల విషయంలో కూడ రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి. ఆనాడు చేతిలో ఉన్న సాధనాలతో దానిని చేసినవారు ఏమి సాధించారు? ఇది తీర్పుకు సంబంధించిన ప్రశ్న. ఈనాడు కూర్చుని ఆడితే అది ఆనందం కలిగిస్తున్నదా? ఇది అనుభవానికి సంబంధించినది. ఒకదాని జవాబును రెండవదానికి అతికించడం వల్లనే తగవులు పుడుతున్నాయి.

మొదట బొమ్మల సంగతి. పాత ఆటల బొమ్మలను నాటి గాజు గొట్టపు టెలివిజన్ల కోసం గీశారు. ఆ తెర మీద చుక్కల అంచులు కొంత కరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. చిత్రకారులు ఆ కలయికను లెక్కలోకి తీసుకొనే రంగులు వేసేవారు. నేటి పలుచని తెర ప్రతి గడిని కత్తితో కోసినట్లు చూపుతుంది. కనుక బాలుడు ఎగతాళి చేసే బొమ్మ చాలావరకు చిత్రకారుడు ఉద్దేశించిన బొమ్మ కాదు. 1984 నాటి డక్ హంట్ ఇందుకు మరింత గట్టి నిదర్శనం. తెర మీది బాతులను బొమ్మ తుపాకితో కొట్టే ఈ ఆట నేటి తెరల మీద బొత్తిగా పనిచేయదు. ఆ తుపాకి పాత తెర మీద వెలుగు గీయబడే తీరును కనిపెట్టేది. నేడు గురి తప్పితే తప్పు బాతుదీ కాదు, వేటగానిదీ కాదు, తెరది. పరికరం మారినప్పుడు పరీక్షయే మారిపోతుందన్న సంగతి తీర్పరి మరువరాదు.

ఇక సాధనాల కొరత. 1985లో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు మాత్రమే. నేడు సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఛాయాచిత్రం దానికి ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో ముప్పది రెండు అంచెల లోకాన్ని ఇమిడ్చారు. ఆ ఆటలోని మేఘాలు, పొదలు ఒకే ఆకారం. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద. పేదింటి ఇల్లాలు ఒకే పప్పుతో రెండు పూటల రెండు రుచులు చేసిన నేర్పు అది. 1978లో జపానులో టొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ కథ ఇంకా విచిత్రం. శత్రువులు ఎక్కువగా ఉన్నప్పుడు యంత్రం వారిని గీయలేక మెల్లగా నడిచేది. ఒక్కొక్కరే కూలుతున్నకొద్దీ భారం తగ్గి, మిగిలినవారు వేగంగా కదిలేవారు. అది యంత్రం బలహీనత. నిషికాడో దానిని దిద్దక అలాగే ఉంచాడు. ఆట చివరికి వచ్చేకొద్దీ గుండె వేగం పెరిగే ఆ అనుభవాన్ని తరువాతి ఆటలెన్నో బుద్ధిపూర్వకంగా అనుసరించాయి.

కొన్ని ఆటలకు మాత్రం ఏ మినహాయింపూ అవసరం లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను తయారు చేసిన యంత్రానికి బొమ్మలు గీసే శక్తియే లేదు. కీబోర్డు మీది గుర్తులనే చదరాలుగా అమర్చాడు. నేటి బాలునికి ఆ ఆట ఇస్తే చరిత్ర ఎవరూ వివరించనక్కరలేదు. పది నిమిషాల్లో లీనమైపోతాడు. పల్లెల్లో బండమీద సుద్దతో గీసి ఆడే పులిజూదాన్ని తలచుకుంటే ఇందుకు కారణం బోధపడుతుంది. మూడు పులులు, పదిహేను మేకలు, కొన్ని గీతలు, చేతికందిన రాళ్లు. మేక మేకలా లేదని ఎవరూ ఫిర్యాదు చేయరు. పులికి బలం, మేకలకు సంఖ్య అన్న నియమంలోనే ఆట ప్రాణం ఉన్నది. నియమంలో ప్రాణమున్న ఆట పాతబడదు. హంగులో ప్రాణమున్న ఆట అంతకన్నా పెద్ద హంగు రాగానే వాడిపోతుంది.

అంతమాత్రాన పాతవన్నీ గొప్పవని చెప్పడం న్యాయం కాదు. నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెల కాలంలో అనేక ఆటలను కావాలనే కఠినంగా చేశారు. ఆడేవాడు త్వరగా ఓడితేనే మరొక నాణెం పడుతుంది. ఇళ్లలోకి వచ్చిన తరువాత సైతం ఆ కాఠిన్యం చాలాకాలం వదలలేదు. గంటసేపు శ్రమపడి చివరి అంచెలో ఓడితే మళ్లీ మొదటికి రావలసిందే. దానిని సహనానికి శిక్షణ అని నేడు పొగడేవారున్నారు. కొన్ని ఆటలలో అది నిజంగానే శిక్షణ. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అరువది నిమిషాల గడువు కథకే ఆయువుపట్టు. అనేక ఆటలలో మాత్రం అది నాణేల ఆశ, లేదా చిన్న ఆటను పెద్దదిగా చూపే ఉపాయం. పాత ఆటల నేటి పునర్ముద్రణలలో వెనుకకు త్రిప్పుకొనే సౌకర్యం ఇస్తున్నారు. దానిని వాడుకొనే బాలుని చూసి పెద్దలు మోసమని గద్దించనక్కరలేదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ సంస్థ "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటను సోనీ వారి ప్లేస్టేషన్ 2 కోసం రూపొందించింది. ఇటువంటి గృహ యంత్రం కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ఆటగా దానికి పేరు వచ్చింది. అదే సంవత్సరం హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ "దేశీ అడ్డా" అనే ఆటలో కబడ్డీని, గాలిపటాలను, గిల్లీదండాను తెర మీదికి తెచ్చింది. తెలుగునాట బిళ్లంగోడు, కన్నడంలో చిన్నిదాండు అని పిలిచే ఆట అదే. హనుమాన్ ఆటను విమర్శకులు మెచ్చలేదు. కదలికలు మొరటుగా ఉన్నాయని, ఆట త్వరగా విసుగు పుట్టిస్తుందని అన్నారు.

ఆ ఆటను ఈనాడు ఎలా తూచాలి? అది వెలువడిన నాటికే ఆ యంత్రం తొమ్మిది సంవత్సరాల పాతది. దాని తరువాతి యంత్రం 2006లోనే వచ్చింది. పెద్ద దేశాలలో ఎన్నో ఆటలు చేసి పండిన బృందాల సరసన, మొదటి అడుగు వేస్తున్న బృందం నిలబడవలసి వచ్చింది. ఈ సంగతులు తెలిస్తే గౌరవం కలుగుతుంది. అయితే గౌరవం కలిగినంత మాత్రాన ఆట మంచిదైపోదు. తొలి స్థానం చరిత్ర ఇచ్చే మార్కు, ఆటకు వచ్చే మార్కు వేరు. అంకెలు కలిపి వేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. స్వజనుల కృషి అని కళ్లు మూసుకొని పొగడడం, ఆ కృషిని నిజంగా చూడకుండా తప్పించుకోవడమే అవుతుంది.

ఇంతవరకు పాతవాటిని కొత్త రాళ్లతో తూచడం జరిగింది. కొత్తవాటిని పాత రాళ్లతో తూచే పని తల్లిదండ్రులది. నేటి ఫోన్ ఆటలు అనేకం ఉచితంగా లభిస్తాయి. కొంతదూరం పోయాక ఆగిపోతాయి. ప్రాణం కావాలంటే, ఆయుధం కావాలంటే డబ్బు అడుగుతాయి. ఏమి వస్తుందో తెలియని పెట్టెను డబ్బు పెట్టి తెరిపించే పద్ధతిని 2018లో బెల్జియం జూదం క్రింద లెక్కగట్టింది. భారతదేశంలో పందెపు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఒకసారి డబ్బిచ్చి కొన్న క్యాసెట్ ఆ తరువాత పిల్లవానిని ఒక్క రూపాయి అడగలేదు. ఆ ఒక్క కొలతలో పాత ఆటయే మేలు. బొమ్మల నాణ్యతలో కొత్తది గెలుస్తుంది, నిజాయితీలో పాతది గెలవవచ్చు. ఇంటిలో ఏ ఆట ఉండాలో నిర్ణయించేటప్పుడు రెండవ తూనిక కూడ వాడాలి.

వీటన్నిటికన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. తీర్పు చెప్పడానికైనా వస్తువు మిగిలి ఉండాలి కదా. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకడం లేదని 2023లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. 2020 చివర ఫ్లాష్ సాంకేతికతను నిలిపివేయడంతో బడి పిల్లలు ఇంటర్నెట్ కేంద్రాలలో ఆడిన వేలాది చిన్న ఆటలు తెరల మీద నుండి మాయమయ్యాయి. ఔత్సాహికులు భద్రపరచినవి మాత్రమే దక్కాయి. పనికిరాదని పారవేసినదాని విలువ తరువాత తెలిసిరావడం ఈ జిల్లావారికి కొత్త కాదు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీయగా మిగిలిన పిండిమట్టి సైనైడ్ గుట్టలుగా నేటికీ అక్కడ నిలిచి ఉన్నది. నాటి పద్ధతులకు చిక్కని బంగారం కొంత అందులో ఉన్నదని, కొత్త పద్ధతులతో దానిని తీయవచ్చునని ఇప్పుడు ఆలోచనలు సాగుతున్నాయి. గుట్ట నిలిచి ఉన్నందువల్లనే ఆ ఆలోచనకు తావు దొరికింది. అటక మీది పాత పెట్టెను పాత సామాన్ల వానికి వేసే ముందు పూర్వ విద్యార్థులు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

వేమగల్‌కు సమీపంలోని నరసాపుర పారిశ్రామిక ప్రాంతంలో ఐఫోన్లు తయారవుతున్నాయి. 2023లో ఆ కర్మాగారం టాటా సంస్థ చేతికి వచ్చింది. లోకమంతటా పిల్లలు ఆటలాడే పరికరం ఇక్కడి చేతుల మీదుగా పోతున్నది. దానిలో ఆడే ఆటను చేసే చేతులు కూడ ఇక్కడి నుండి రావాలని కోరుకోవడం అత్యాశ కాదు. అటువంటి విద్యార్థికి పాత ఆటలే తొలి పాఠ్యగ్రంథాలు. నలభై కిలోబైట్లలో లోకాన్ని ఇమిడ్చినవారు ఎలా ఆలోచించారో తెలుసుకున్నవాడు ఎంత కొత్త యంత్రం ఇచ్చినా తడబడడు.

కన్నడ సీమలో తెలుగు మాధ్యమంలో చదువు చెప్పిన ఈ పాఠశాలకు సైతం నేడు ఇదే తీర్పు ఎదురవుతున్నది. నాటి నల్లబల్లను నేటి తెరలతో, నాటి ఒకే గదిని నేటి భవనాలతో పోల్చేవారున్నారు. పోల్చడం తప్పు కాదు. లోపమున్నచోట లోపమనే చెప్పాలి, మమకారంతో కప్పిపుచ్చరాదు. అయితే ఆనాటి సుద్దముక్కతో ఆనాటి గురువులు ఏమి సాధించారన్న ప్రశ్న కూడ పక్కనే వేయాలి. దానికి జవాబు ఈ సభలో, ముందు వరుసల్లో కూర్చుని ఉన్నది.

ఈ సాయంకాలం ఇంటికి చేరిన తరువాత తల్లిదండ్రులు తమ పాత ఆటను పిల్లలకు చూపి, మెచ్చుకోమని అడుగకుండా పక్కన కూర్చుని ఆడితే మంచిది. ఆ వెంటనే పిల్లల ఆటను పిల్లల చేత నేర్చుకొని ఓడిపోతే మరీ మంచిది. తీర్పులు తరువాత చెప్పుకోవచ్చు.

స్వస్తి.