ఉప్పు సరస్సులు – ఊరి చెరువులు

పంచాయతీ సభ్యులారా,

చెరువు నిండినదనగా ఊరెల్ల సంతోషించును. ఆ నీరు అలుగు దాటి పారునప్పుడు మాత్రము, అయ్యో వృథాగా పోవుచున్నదే అని చింతించువారు మనలో పెక్కురు కలరు. పోవుదారి లేని నీరు ఏమగునో ప్రపంచమునందలి ఉప్పు సరస్సులు మనకు చూపుచున్నవి. వానిని గూర్చియు, వాని ఉప్పును గూర్చి ప్రజలు చెప్పుకొను కథలను గూర్చియు నేడు ముచ్చటింతము.

వాననీరు రాళ్లమీదను నేలమీదను పారునప్పుడు వానియందలి లవణములను కొద్దికొద్దిగా కరిగించి తెచ్చును. సరస్సునుండి ఏరు బయటికి పారుచున్నచో ఆ లవణములును దానితో వెడలిపోవును. బయటికి దారి లేనిచోట నీరు ఎండకు ఆవిరియగును. ఉప్పు మాత్రము అచ్చటనే నిలిచిపోవును. ఇట్లు వేలయేండ్లు జరుగగా మంచినీరు ఉప్పునీరగును.

రాజస్థానమునందలి సాంభర్ సరస్సు ఇట్టిదే. మన దేశమున సముద్రమునకు దూరముగా లోనాడున ఉన్న ఉప్పు సరస్సులలో ఇదియే పెద్దది. మేంఢా, రూపన్‌గఢ్ మొదలగు ఏరులు దీనిలో కలియును. దీనినుండి బయటికి పోవు ఏరు లేదు. శాకంభరీదేవి ప్రసన్నురాలై అచ్చటి అడవిని వెండి మైదానముగా మార్చినదట. ఆ వెండికొరకు కలహములు పుట్టునని జనులు భయపడి, వరమును మరలించుమని వేడుకొనిరట. అంతట వెండి ఉప్పుగా మారినదని అచ్చటివారు చెప్పుదురు. దేవి గుడి నేటికిని సరస్సు ఒడ్డున కలదు. కథలోని భయము వట్టిది కాలేదు. ఎగువ ఏరులకు అడ్డుకట్టలు వేయుటచేతను, బోరుబావులచేతను ఇటీవలి దశాబ్దములలో సరస్సునకు వచ్చు నీరు తగ్గిపోయినది.

పడమటి ఆసియాయందలి మృత సముద్రము పేరునకే సముద్రము; నిజమునకు సరస్సు. సముద్రజలమున నూటికి 3.5 పాళ్లు ఉప్పుండగా, దీనియందు 30 పాళ్లకు మించియుండును. చేపలు దీనియందు బ్రతుకజాలవు. వెనుదిరిగి చూడవద్దన్న ఆజ్ఞను మీరి, లోతు అనువాని భార్య ఉప్పు స్తంభమైనదని బైబిలు చెప్పుచున్నది. ఆ తీరమున నున్న ఉప్పు కొండపై ఒక స్తంభమును చూపి, ఆమె ఇదియేయని చెప్పుదురు. ఈ సరస్సును నింపు జోర్డాను నది నీటిని సేద్యమునకును పట్టణములకును మళ్లించుటవలన, నేడు దీని మట్టము ఏటేట సుమారు ఒక మీటరు దిగిపోవుచున్నది.

మధ్య ఆసియాయందలి అరల్ సముద్రము కథ ఇంకను దుఃఖకరము. 1960 నాటికి ఇది ప్రపంచమున నాలుగవ పెద్ద సరస్సు. అటుపిమ్మట నాటి సోవియట్ ప్రభుత్వము ప్రత్తి సేద్యమునకై దీనిని నింపు రెండు నదులను మళ్లించినది. నీరు ఎండి ఉప్పు పెరిగి చేపలు చచ్చెను. పడవలు ఇసుకలో నిలిచిపోయెను. ఉప్పుధూళి గాలికి లేచి పైరులమీద పడెను. నీరు పారిన పొలములందును మురుగు పోవుదారి చాలక చాలభాగము చౌడుబారెను. 2005లో కజకిస్థాన్ ఉత్తర భాగమునకు కోకరల్ ఆనకట్ట కట్టినది. మిగులునీరు వెడలుటకు దానికి తలుపులు కూడ అమర్చిరి. మట్టము పెరిగినది, ఉప్పు తగ్గినది, చేపలు మరల వచ్చినవి.

నీటికి వచ్చుదారి, పోవుదారి రెండును ఉండవలెను. వచ్చుదారి మూసినచో చెరువు ఎండును; పోవుదారి మూసినచో ఆయకట్టు చౌడుబారును. మొదట నేలపై తెల్లని పొర కనబడును, పిదప మొలక చచ్చును. చౌడునేలకు జిప్సము వేసినను, మురుగు పోవనిచో ఆ మేలు నిలువదు.

కావున ఎండలు ముదురకమునుపే మీ ఊరి వాగులను, అలుగును, పొలముల నడుమ మురుగుకాలువలను ఒకమారు నడచి చూడుడు. పూడినవానిని తీయించుడు, ఆక్రమించినవారికి నచ్చజెప్పి విడిపించుడు. ఎగువ ఊరివారితోను దిగువ ఊరివారితోను కూర్చుండి మాటలాడుడు. వెండికన్న సఖ్యమే మేలని సాంభర్ ప్రజలు ఏనాడో కథగా చెప్పుకొనిరి. నీటి విషయమున మనకును అదియే మేలు.