రంగులు పోయడంలో పనితనం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెలవుల్లో మన తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకు మేము నేర్పిన పనిని గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అక్రిలిక్ రంగులను జారుగా కలిపి, కుంచె పట్టకుండా, చెక్క పలక మీద పోసి, వంచి, పారించే చిత్రకళ ఇది. ఒక పెద్దాయన సూటిగానే అడిగారు: "రంగు పోస్తే అదే పారుతుంది గదా, మీ పనితనం ఏముంది? సంఘం డబ్బు కాలవలో పోసినట్టే గదా?" అని. వారికి జవాబు చెప్పడం మా బాధ్యత.

ఇలాంటి పని మన దక్కనుకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో బీజాపూరు చిత్రకారులు చిక్కటి నీళ్లపై రంగులు తేల్చి, కదిపి, కాగితం మీదికి ఎత్తుకునేవారు. దాన్ని 'అబ్రి' అన్నారు. పారశీకంలో 'అబ్ర్' అంటే మేఘం. 1625 ప్రాంతంలో అక్కడ చేసిన బక్క గుర్రం, రౌతు చిత్రం న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1936లో అదే న్యూయార్కులో మెక్సికో చిత్రకారుడు సికైరోస్ రంగు మీద రంగు పోసి చూశాడు. పైనున్న బరువు రంగు కిందికి దిగుతుంటే తేలిక రంగు పైకి పొంగి, వింత ఆకారాలు పుట్టాయి. మా పలకల మీద జరిగేదీ అదే.

అయితే మేము చెడగొట్టి నేర్చుకున్నాం. అమ్మి పిల్లల ఫీజులు కడదామని పన్నెండు పలకలు పోశాం. నీళ్లు ఎక్కువ కలిపితే జిగురు పలుచబడి రంగు పలకకు పట్టలేదు. త్వరగా ఆరాలని ఫాను కింద పెడితే, పైపొర ముందు ఆరి నెర్రెలిచ్చింది. గచ్చు వాటంగా ఉండి, తెల్లారేసరికి రంగు ఒక మూలకు జారింది. మిగిలినవి మూడు. ఆ పిల్లల ముఖం చూడలేకపోయాం.

రెండోసారి నీళ్లు తగ్గించి అక్రిలిక్ జిగురు కలిపాం. మేస్త్రీ రసమట్టంతో బల్ల సరిచేశాం. ఫాను ఆపి, మూడు రోజులు ఆగాం.

గిన్నెలు కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయని రేపల్లె అమ్మాయి ఒకతె అడిగింది. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్కే. మనం కృష్ణ కాలవల మీద బతికేవాళ్లం. అందుకని మిగిలిన రంగును ఆరనిచ్చి, పొరగా ఒలిచి చెత్తలో వేస్తున్నాం. గిన్నెలు గుడ్డతో తుడిచాకే కడుగుతున్నాం.

పెద్దాయన గారూ, నీరు తనంతట తానే పారుతుంది, నిజమే. మడి చదును చేసి, గట్టు వేసి, తూము తీసేది మాత్రం రైతే గదా! మా పనితనమూ అంతే.

రెండో విడత పలకలు బయట వరండాలో ఉన్నాయి. మొదటి నష్టం మేమే పెట్టుకుంటాం. వీటి మీద వచ్చే ప్రతి రూపాయి ఫీజులకే. చూసి, నచ్చితేనే కొనండి.