పాత కెమేరాకు క్రొత్త ఫ్లాషు



ఈ రజతోత్సవ సభలో ఫోటోగ్రఫీని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు కోరినారు. ముందుగా నేను చేసిన తప్పు చెప్పెదను. మా చెల్లెలి వివాహమునకు తాతగారి పెట్టెలోని పాత జర్మను కెమేరా తీసి, దానికి క్రొత్త ఎలక్ట్రానిక్ ఫ్లాషు తగిలించితిని. పండ్రెండు బొమ్మలు తీసితిని. ప్రతిసారియు ఫ్లాషు వెలిగినది. ఫిల్ము కడిగి చూచిన, ఒక్క బొమ్మయైనను పడలేదు. వానిలో మా నాయనమ్మగారి బొమ్మ యొకటి. మరుసటి యేడు ఆమె లేరు.

కారణము చిన్న మీట. దానిపై ఎమ్, ఎక్స్ అను రెండు గుర్తులుండును. ఎమ్ పూర్వపు ఫ్లాషు బల్బుల కొరకు. బల్బు పూర్తిగా వెలుగుటకు సుమారు సెకనులో 50వ వంతు పట్టును. కనుక షట్టరు కొంచెమాగి తెరచుకొనును. ఎలక్ట్రానిక్ ఫ్లాషు వెంటనే వెలిగి, సాధారణముగా సెకనులో 1000వ వంతు లోపలనే ఆరిపోవును. దానికి ఎక్స్ గుర్తే తగినది. నేను మీటను ఎమ్ వద్ద నుంచితిని. దీపమార్పిన పిదప తలుపు తెరచినట్లయినది.

కటకములోనే షట్టరున్న కెమేరాలకు సాధారణముగా ఎక్స్ వద్ద ఏ వేగమైనను సరిపోవును. తెర షట్టరున్నవానికి హద్దు కలదు: 1954 నాటి లైకా ఎమ్3కి 50వ వంతు, 1959 నాటి నికాన్ ఎఫ్‌కు 60వ వంతు. అంతకన్న వేగము పెంచిన, బొమ్మలో కొంత భాగము చీకటియగును.

ఇక విద్యుత్తు మాట. పాత ఎలక్ట్రానిక్ ఫ్లాషులు కొన్నిటి మీటు వద్ద 200 వోల్టులకు పైగా నుండును. అది కెమేరా లోపలి మీటును కాల్చును, వ్రేలికి షాకు కొట్టును. నేటి ఫ్లాషులలో చాలవరకు కొద్ది వోల్టులే. అయినను తెలిసినవారిచే మీటరుతో కొలిపించి తగిలించుడు. ఫ్లాషును మాత్రము విప్పకుడు. బ్యాటరీలు తీసినను లోపలి కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచియుండవచ్చును.

ఫిల్ము వేయకముందు వెనుక తలుపు తెరచి, కటకద్వారము పూర్తిగా విప్పి, తెల్లని గోడవైపు త్రిప్పి మీట నొక్కుడు. వెనుకనుండి చూచిన వెలుగు నిండుగా కనబడిన సరియే. చీకటియైన మీటను, వేగమును సరిచూచుకొనుడు.

మీ యిండ్లలోను ఇట్టి కెమేరాలు ఉండవచ్చును. వానిని పారవేయకుడు. ఈ అర నిమిషపు పరీక్ష చేసి, నేడే పెద్దలను కూర్చుండబెట్టి బొమ్మ తీయుడు. ఫిల్ము మరల కొనవచ్చును. మా నాయనమ్మను నేను మరల కూర్చుండబెట్టలేకపోతిని.