ఆంగ్ల పదసాధన
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘము విద్యాభివృద్ధిని ప్రథమాశయముగ గైకొన్నది. బీదవిద్యార్థులకు వేతనము లొసంగుచున్నాము. ప్రతిభావంతులకు పతకముల నిచ్చుచున్నాము. అయినను పల్లెలలో తెలుగు మాధ్యమమున జదివి ఉస్మానియా విశ్వవిద్యాలయమున జేరిన మన పిల్లలు కొందఱు తొలి సంవత్సరముననే చిన్నబోవుచున్నారు. వారికి విషయజ్ఞానము లేకపోలేదు. దానిని దెలుపు నాంగ్లపదములు నోటికందుటలేదు. తెలిసినవాడు తెలియనివానివలె తరగతిలో మౌనముగ గూర్చుండుటకంటె దుఃఖకరమైన దేమి కలదు?

ఈ కష్ట మా విద్యాలయమునకు క్రొత్తది కాదు. 1918 లో నది స్థాపింపబడినప్పుడు బోధనభాష యుర్దూ, ఆంగ్లము నిర్బంధపాఠ్యము. తెలుగుబిడ్డకు ఇంట నొక భాష, తరగతిలో వేఱొక భాష, ఆంగ్లపాఠమున మఱియొక భాష యయ్యెను. 1948 తరువాత నాంగ్లమే బోధనభాష యైనది. 1958 లో కేంద్ర ఆంగ్లసంస్థ యా యావరణము చెంతనే వెలసెను. అదియే 1972 లో ఆంగ్ల, విదేశీభాషల కేంద్రసంస్థగ మాఱి, 2007 లో కేంద్రవిశ్వవిద్యాలయ మైనది. దేశమునందలి యాంగ్లోపాధ్యాయులకు శిక్షణ నొసంగిన సంస్థ చేరువనుండగా, తార్నాక వీధులలో గది యద్దెకు దీసికొనియున్న మన విద్యార్థి యాంగ్లపదమునకు బెదరుట దీపము క్రింది చీకటి యనవలయును.

మనవారు సాధారణముగ ననుసరించు పద్ధతి పట్టికను వల్లించుట. ఎడమప్రక్క నాంగ్లపదము, కుడిప్రక్క తెలుగర్థము. వల్లెవేయుటను నేను నిందింపను. మన పూర్వు లమరకోశమును వల్లించినవారే. కాని యమరము వల్లించిన బాలుడు పిమ్మట కావ్యము చదివెడివాడు. కంఠస్థమైన పద మచ్చట ప్రయోగమున గనబడెడిది. నేటి పట్టికకు కావ్యము లేదు. లోపమంతయు నచ్చటనే యున్నది.

ఒక యుదాహరణము చూడుడు. 'మిటిగేట్' అను పదమునకు 'తగ్గించు' అని వ్రాసికొన్న విద్యార్థి, అంగడివాడు ధర తగ్గించెనని చెప్పుటకు నా పదమునే వాడును. తెలుగున ధరయు, నొప్పియు, వేగమును, గొంతును తగ్గింపవచ్చును. ఆంగ్లమున నా పద మన్నిటికిని జెల్లదు. కీడుయొక్క తీవ్రతను మెత్తబఱచుట దాని నిర్వచనము. 'చెట్లు నగరపు టెండ తీవ్రతను మిటిగేట్ చేయును' అను వాక్యమును జూచినవాడు దానిని మఱల ధరకు వాడడు.

మన సంఘపు దరఖాస్తులోని రెండు పదములను దీసికొందము: 'ఎలిజిబుల్', 'డిజర్వింగ్'. రెంటికిని పట్టికలో 'అర్హుడు' అనియే యుండును. నియమములకు సరిపోయినవాడు మొదటివాడు. తన కృషిచేతనో యవసరముచేతనో సహాయమునకు దగినవాడు రెండవవాడు. ఈ భేదమును గ్రహించిన బాలుడు తెలుగువైపు తిరిగి చూచినచో, ఒకడు అర్హుడు, వేఱొకడు పాత్రుడు అని మన భాషలోను భేద మున్నట్లు కనుగొనును. ఆంగ్లపదములను నిశితముగ నేర్చుటచే తెలుగునకు హాని కలుగునని భయపడువారి కిదియే నా సమాధానము.

నిర్వచనము పొలమునకు గట్టువంటిది. ఉదాహరణవాక్య మందలి పైరు. ఇది యెఱిగిన బోధకులు మనవంటి పరభాషావిద్యార్థుల కొఱకే నిఘంటువులు కూర్చిరి. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్టు 1935 లో ప్రకటించిన నిఘంటువున 1490 సులభపదములతోనే యించుమించు 24,000 పదములను, పలుకుబళ్లను వివరించెను. జపానులో బోధించిన హార్న్‌బీ 1942 లో తన సహచరులతో గూర్చిన నిఘంటువు 1948 లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారి ద్వారా లోకమునకు వచ్చెను. అంతకు పూర్వమే, 1852 లో, బ్రౌనుదొర తన తెలుగు-ఆంగ్ల నిఘంటువున తెలుగు పదములను ప్రయోగములతో జూపెను. మన భాష నాతడు నేర్చిన తీరుననే యాతని భాషను మనము నేర్వవచ్చును.

విద్యార్థులారా! దినమున కైదు పదములు చాలును. పదమును, సరళాంగ్లమున దాని నిర్వచనమును, నిఘంటువులోని వాక్యమును వ్రాయుడు. ఆ పదము వెంట వచ్చు చిన్నపదమును గుర్తింపుడు. 'ఎలిజిబుల్' అనుదాని వెంట 'ఫర్' వచ్చును. పిదప మీ యూరి సంగతియో, మీ శాస్త్రవిషయమో తీసికొని స్వంతవాక్యము వ్రాయుడు. తెలుగర్థమును కడపట వ్రాసికొనుడు. మూడవనాడును, ఏడవనాడును మఱల జూడుడు. మున్నూఱు దినములలో 1500 పదములు మీ స్వాధీనమగును.

పోషకమహాశయులారా! నేడు నిఘంటువునకు కఱవు లేదు, చేతిఫోనునందే దొరకుచున్నది. కఱవు దేనికనగా, బాలుని స్వంతవాక్యమును జూచి 'నాయనా, ఇచ్చట నీ పద మతుకదు' అని నవ్వక చెప్పు పెద్దకు. కావున నా ప్రార్థన యిది. ప్రతి యాదివారము తార్నాక ప్రాంతమున నొక గంట సేపు, మనలోని విశ్రాంతోపాధ్యాయులును, పై తరగతుల విద్యార్థులును గూడి పిల్లల వాక్యములను దిద్దవలయును. ఇతర కులముల పిల్లలు వచ్చినను ద్వారము తెఱచియే యుండవలయును. ఒక చాపయు, ఒక నల్లబల్లయు, ఓర్పుగల యొక మనుష్యుడును చాలును. వేతనము బాలుని విశ్వవిద్యాలయద్వారము వఱకు గొనిపోవును. లోపల నోరు విప్పించునది యీ గంటయే. ధనమిచ్చిన చేతులే యీ కాలమును గూడ నీయవలయునని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.