ఎడమ పక్కే, మరిచిపోకు!
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 నాడు మనం మామూలుగా 1982 నాటి నకారా కేసు తీర్పును స్మరించుకుంటాం, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు న్యూజిలాండులో మోటారు సైకిలు మీద తిరిగి వచ్చారట కదా, అదేదో చెప్పండి, మెడికల్ బిల్లుల సంగతి ఇంకొకరు చెబుతారు" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. లైన్ల వెంట తిరిగిన మనిషిని. జరిగింది జరిగినట్టు చెబుతాను.

2024 ఫిబ్రవరిలో వెళ్ళాం. మా అబ్బాయి పద్నాలుగేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. వాడూ కోడలూ అటునుంచి, నేనూ మా ఆవిడా ఇటునుంచి బయలుదేరి క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో కలుసుకున్నాం. రెండు మోటారు సైకిళ్ళు, ఒక కారు అద్దెకు తీసుకున్నాం. ముందు అబ్బాయి, వాడి వెనక నేను, మా వెనక సామానుతో, అత్తగారితో కోడలి కారు. ఇదీ ఊరేగింపు. దక్షిణ ద్వీపంలో ఎనిమిది రోజుల్లో సుమారు 1,100 కిలోమీటర్లు తిరిగాం.

బయలుదేరే ముందు రోజు రాత్రి చిన్న గొడవ జరిగింది. "నాన్నా, మీకు అరవై ఎనిమిది. రెండో బండి ఎందుకు? నా వెనక కూర్చోండి" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. కాని మోతుగూడెంలో పనిచేసిన రోజుల్లో వర్షంలో, చీకట్లో సీలేరు ఘాట్ రోడ్ల మీద బుల్లెట్ నడిపిన వాణ్ణి నేను. నాకు కష్టం వేసింది. "ఒరేయ్, ఇక్కడా ఎడమ పక్కే, మన దేశంలోనూ ఎడమ పక్కే. నాకేం కొత్త? కొత్త నీకే" అన్నాను. వాడు మాట్లాడలేదు. మా ఆవిడ మా ఇద్దరి మధ్యా మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళి పడుకుంది.

నేనన్న మాట సగమే నిజమని తర్వాత తెలిసింది. ఆ సగం సంగతి చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

లోకంలో ఇంచుమించు మూడో వంతు జనం ఎడమ పక్కన నడిచే దేశాల్లో ఉన్నారు. ఈ పక్క మార్చడం చిన్న విషయం కాదు. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది. సమోవా అనే చిన్న ద్వీప దేశం 2009లో తిరగేసి కుడి నుంచి ఎడమకు మారింది. న్యూజిలాండు, ఆస్ట్రేలియాల నుంచి పాత కార్లు చవకగా తెచ్చుకోవచ్చుననేది అందులో ఒక కారణం. దేశానికైతే చట్టం చేసి తేదీ ప్రకటించవచ్చు. ఒంటికి ఎవరు ప్రకటిస్తారు?

మా కోడలి సంగతి చూడండి. ఆమె కూడా అమెరికాలోనే కారు నేర్చుకుంది. మొదటి రోజు ప్రతి మలుపులోనూ అద్దం మీద వైపర్లు ఆడేవి, చుక్క వాన లేకుండా. జపాను కార్లలో ఇండికేటరు మీట కుడిచేతి వైపు ఉంటుంది, ఆమె అలవాటు కొద్దీ ఎడమ మీట నొక్కేది. అయినా కారు మాత్రం ఆమెకు తప్పు పక్కకి పోలేదు. ఎందుకంటే కారు తనంతట తానే చెబుతుంది. స్టీరింగు కుడి పక్కన ఉంది, నువ్వు రోడ్డు మధ్య గీత వైపు కూర్చుని ఉండాలి అని. అద్దె కార్లలో 'ఎడమన ఉండు' అని చీటీ కూడా అంటిస్తారు. పైగా పక్కన మా ఆవిడ. ఆమెకు డ్రైవింగు రాదు. కాని కారు కదిలినప్పుడల్లా "ఎడమ పక్కే అమ్మాయ్, మరిచిపోకు" అని లలితా సహస్రం చదివినంత నిష్ఠగా చెప్పేది. కోడలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మోటారు సైకిలుకి ఆ భాగ్యం లేదు. దానికి కుడి ఎడమలు లేవు. మనిషి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటాడు. అమెరికాలో అదే హ్యాండిలు, అదే క్లచ్చి, ఇక్కడా అదే. ఏ దేశంలో ఉన్నావో బండి చెప్పదు. ఎదురుగా నాలుగు బండ్లు వస్తుంటే వాటిని చూసి మన పక్క మనం పట్టుకుంటాం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ప్రమాదం, అందులోనూ ఎక్కడైనా ఆగి మళ్ళీ బయలుదేరిన మొదటి నిమిషంలో.

రెండో రోజు టెకపో సరస్సు దాటి దక్షిణంగా పోతున్నాం. మన బోర్డు వాళ్ళకి ఆ దారి కన్నుల పండుగ. వైటాకీ నది జలవిద్యుత్ పథకం అంతా ఆ ప్రాంతమే. సరస్సు నుంచి సరస్సుకి కాలువలు, వాటిలో మంచు నదులు రాతిని మెత్తగా నూరి కలిపిన లేత నీలం నీళ్ళు. ట్వైజెల్ అనే ఊళ్ళో టీ తాగాం. ఆ ఊరు 1968లో ఈ పథకం పనివాళ్ళ కోసం కట్టిన ప్రాజెక్టు కాలనీ. పని అయిపోగానే కూల్చివేయాలని ముందే అనుకున్నారు. అక్కడివాళ్ళు ఒప్పుకోక పోరాడి ఊరిని నిలబెట్టుకున్నారు. మోతుగూడెం క్వార్టర్లలో పిల్లల్ని పెంచిన వాణ్ణి గనుక, ఆ వీధుల్లో కాసేపు ఊరికే నడిచాను. అబ్బాయి తొందరపెట్టలేదు. వాడూ ఆ క్వార్టర్లలోనే సైకిలు నేర్చుకున్నాడు.

అక్కడినుంచి లిండిస్ కనుమ. ఎత్తు 971 మీటర్లు. చెట్టనేది లేదు, కొండల నిండా బంగారు రంగు గడ్డి. కనుమ దాటాక రోడ్డు పక్కన ఆగే చోటు ఉంటే ఆగి, ఫ్లాస్కులో కాఫీ తాగి, ఫొటోలు తీసుకున్నాం. ఇరవై నిమిషాల్లో ఒక్క బండి వచ్చిందేమో. అబ్బాయి ముందుగా బయలుదేరాడు. తిన్నగా రోడ్డుకి అడ్డంగా పోయి, కుడి పక్క పట్టుకుని, హాయిగా వెళ్ళిపోతున్నాడు. వాడి వీపు చూస్తే ఎంత నిశ్చింతగా ఉన్నాడో తెలుస్తోంది. ముందర మలుపు.

హెల్మెట్టులో అరిచాను. నా అరుపు నాకే వినిపించింది. ఆ దేశంలో ఊరికే హారను కొట్టరు, నువ్వు కొట్టకు నాన్నా అని వాడే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, సీలేరు ఘాటులో లారీకి కొట్టినట్టు హారను మీద నుంచి బొటనవేలు తీయకుండా వెంటపడ్డాను. నాకేదో అయిందనుకుని వెనక్కి చూశాడు. నేను ఎడమ పక్కన, వాడు కుడి పక్కన. అప్పుడు తెలిసింది వాడికి. బండిని ఇటు లాక్కున్నాడు. పది లెక్కపెట్టే లోపల మలుపులోంచి ఇల్లంత క్యాంపర్ వ్యాను వచ్చి, వాడు అంతకుముందున్న చోటు మీదుగా వెళ్ళింది. లోపల కూర్చున్న ముసలాయన మాకు చెయ్యి కూడా ఊపాడు.

కొంత దూరం పోయి ఆగాం. వాడి మొహం తెల్లబోయింది. కారు వచ్చి ఆగింది. ఆడవాళ్ళు కూడా చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ పూజ సామాను సంచీలోంచి పసుపు దారం తీసి, రెండు బండ్ల హ్యాండిళ్ళకీ ఎడమ పిడి పక్కన ముడి వేసింది. "బయలుదేరే ముందు ఇది చూసి కదలండి" అంది. అబ్బాయి గొంతు సవరించుకుని, "నాన్నా, ఇకనుంచి మీరు ముందు పదండి" అన్నాడు.

నాకు లోలోపల గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. కొడుకు ప్రాణం మీదకి వచ్చి తప్పిపోయిన గంటకే తండ్రికి గర్వం! మనిషి అంతే కాబోలు.

ఆ గర్వం రెండు రోజులు నిలిచింది. వనాకా నుంచి హాస్ట్ కనుమ మీదుగా పశ్చిమ తీరానికి దిగాం. అడవి, వాన, జలపాతాలు. అచ్చం మారేడుమిల్లి శ్రావణమాసంలో ఉన్నట్టే, కాని చలి. ఆ తీరం రోడ్డు 1965లో గాని పూర్తి కాలేదు. దాని మీద నైట్స్ పాయింట్ అని ఒక చోటు ఉంది. నైట్ ఎవరో మంత్రిగారనుకున్నాను. రోడ్డు సర్వే చేసిన వాళ్ళలో ఒకాయన కుక్కట! మన సర్వే పార్టీల కుక్కల పేరు ఒక్క మైలురాయికైనా పెట్టామా?

ఆ రోడ్డులో ఒక్క బండి పట్టే వంతెనలు చాలా ఉన్నాయి. హాస్ట్ నది మీదదైతే 700 మీటర్ల పైన పొడవు, మధ్యలో తప్పుకోవడానికి జాగాలు విడిచారు. ప్రతి వంతెన ముందూ బోర్డు ఉంటుంది. రెండు బాణాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మన వైపు నుంచి పోయే బాణం పెద్దదైతే దారి మనది. మన బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివాణ్ణి రానివ్వాలి. అక్కడ ఎవరు ముందు దూరారు, ఎవరి బండి పెద్దది అనే లెక్క లేదు.

ఆ రోజు వాన. హెల్మెట్టు అద్దం మసకబారింది. ఒక చిన్న వంతెన ముందు ఎర్ర బాణం ఆలస్యంగా చూశాను. అవతలి నుంచి లారీ అప్పటికే ఎక్కేసింది. బ్రేకు తొక్కాను. ఏ కాలితో? ఎడమ కాలితో! మన పాత బుల్లెట్లకి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి, చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నా సర్వీసంతా ఆ బండే. ఇప్పటి బండ్లకి అది తారుమారు. బండి అద్దెకిచ్చిన చోట రెండు గంటలు అభ్యాసం చేశాను, నాలుగు రోజులు తప్పు లేకుండా నడిపాను. భయం కలిగేసరికి కాలు పాతికేళ్ళు వెనక్కి పోయింది. గేరు పడి బండి కుదిపింది. చేతి బ్రేకు పట్టి, వంతెన మీదకి రెండు మూడు గజాలు పోయాక ఆగాను. లారీ కూడా ఆగింది.

డ్రైవరు తిట్టలేదు, లైట్లు వేయలేదు. ఇంజను నిదానం చేసి ఊరుకున్నాడు. నేను కాళ్ళతో నెట్టుకుంటూ వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో! పక్కనుంచి పోతూ చెయ్యెత్తాడు. తిట్టి ఉంటే కొంత బరువు తగ్గేది.

అబ్బాయి దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు అంటాడు, వెనక కూర్చోమని అంటాడు అనుకున్నాను. వాడు నా ఎడమ పిడికి కట్టిన దారం తడిసి జారితే సరిచేసి, "కుడికాలికి కూడా ఒకటి కట్టమందామా అమ్మని?" అన్నాడు. ఇద్దరం వానలో నిలబడి నవ్వుకున్నాం. ఆ రాత్రి బసలో మా ఆవిడ నిజంగానే నా కుడి బూటుకి దారం కట్టింది. ఆర్థర్స్ కనుమ దగ్గర కియా అనే కొండ చిలుక, బండ్ల రబ్బరు పీకడం వాటికి సరదా, ఆ దారం కోసం నా బూటు మీదకే వచ్చింది.

వెళ్ళదలచుకున్న వారికి రెండు ముక్కలు. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే అక్కడ చెల్లుతుంది, కాని గేరున్న మోటారు సైకిలు అని అందులో ఉండాలి. నేను ముందు జాగ్రత్తగా ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిటు కూడా తీసుకున్నాను, వెయ్యి రూపాయలు కట్టి. రోడ్డు మీద దెబ్బ తగిలితే విదేశీయులకైనా వైద్యంలో ఎక్కువ ఖర్చును ఏ.సి.సి. అనే ప్రభుత్వ సంస్థ భరిస్తుంది. అయితే అది ప్రమాదాలకే. మన బి.పి., షుగరు, గుండె సంగతి దానికి పట్టదు. కనుక ప్రయాణ బీమా చేయించకుండా విమానం ఎక్కవద్దు. ఉన్న జబ్బులు దాచకుండా వ్రాయండి.

వచ్చే సంక్రాంతికి అబ్బాయి వస్తానన్నాడు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, చింతూరు మీదుగా మోతుగూడెం దాకా ఇద్దరం మోటారు సైకిళ్ళ మీద పోదామంటున్నాడు. ఆ రోడ్డు మీద నువ్వు నా వెనక కూర్చో అని వ్రాశాను. ఇంకా జవాబు రాలేదు.

 మెడికల్ బిల్లుల గురించి చెప్పవలసిన వారు వేచి ఉన్నారు.