బ్రేకు లేని ఓడ
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాడిని పిలిస్తే ఎవరైనా అదే అడుగుతారు. పొదుపు గురించే చెబుతాను. కాకపోతే అది రూపాయల పొదుపు కాదు, ఇంధనం పొదుపు. అంతరిక్షంలో ఓడ నడపడం నేర్పే కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిని మన పిల్లలు ఆడవచ్చునా, కూడదా అన్న ప్రశ్న ఈ మధ్య మా ఇంట్లోనే వచ్చింది.

ముందు ఆట సంగతి. ఆర్బిటర్ అని ఒకటి ఉంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకుడు మార్టిన్ ష్వైగర్ 2000లో తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. 2021లో దాని ప్రోగ్రామును కూడా అందరికీ తెరిచిపెట్టాడు. రెండోది చిన్నది. స్పేస్ఎక్స్ కంపెనీ 2020 మే నెలలో ఇంటర్నెట్‌లో పెట్టింది. వాళ్ళ డ్రాగన్ నౌకలో వ్యోమగామి ఎదుట ఉండే తెరను పోలిన తెర మన ముందుంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గరికి నౌకను మెల్లగా తీసుకుపోయి, దాని ద్వారానికి సరిగ్గా కలపాలి. ఇందులో తుపాకులు లేవు, చంపుడు లేదు.

సిరొంచ వాళ్ళకు పడవ గురించి నేను చెప్పక్కరలేదు. వంతెనలు రాకముందు నాటు పడవల్లో నది దాటిన పెద్దలు ఈ సభలో చాలామందే ఉన్నారు. కాళేశ్వరం రేవుకు పోవాలంటే పడవవాడు ముక్కును తిన్నగా రేవు వైపు పెట్టడు. కొంత ఎగువకు మొగ్గి పెడతాడు. ప్రవాహం కిందికి తోస్తుంది, తెడ్డు అడ్డంగా తోస్తుంది, రెండూ కలిసి పడవ రేవుకు చేరుతుంది. ముక్కు చూసే దిక్కు వేరు, పడవ పోయే దిక్కు వేరు. ఈ ఒక్క సంగతి తెలిసినవాడికి అంతరిక్ష నౌక సగం అర్థమైనట్టే.

మిగతా సగం మాత్రం నదికి పూర్తిగా తిరకాసు. నీళ్ళలో తెడ్డు ఆపితే పడవ తనంతట తానే నెమ్మదిస్తుంది, ఎందుకంటే నీరు పట్టి ఆపుతుంది. అక్కడ నీరూ లేదు, గాలీ లేదు. ఒకసారి ముందుకు తోస్తే, మళ్ళీ వెనక్కి తోసేదాకా నౌక పోతూనే ఉంటుంది. న్యూటన్ 1687లో రాసిన మొదటి నియమం ఇదే. మనం నేల మీద బతికేవాళ్ళం గనుక దాన్ని పరీక్షలో రాస్తాం గాని మనసులో నమ్మం. ఎడ్లబండి ఆగుతుంది, సైకిలు ఆగుతుంది, ఆగని వస్తువును మనం ఎక్కడ చూశాం?

నేను కామర్సు చదివినవాణ్ణి. నాకు ఇది డబుల్ ఎంట్రీ లెక్కలాగా కనబడింది. ముందుకు ఒక తోపు అంటే ఒక డెబిట్. దానికి సరిపడా వెనక్కి ఒక తోపు, అంటే క్రెడిట్, ఎప్పుడో ఒకప్పుడు రాయక తప్పదు. ఉదాహరణకు కేంద్రం 200 మీటర్ల దూరంలో ఉందనుకోండి. సెకనుకు 1 మీటరు వేగంతో పోతే 200 సెకన్లు పడుతుంది. తొందరపడి 2 మీటర్ల వేగం పెడితే 100 సెకన్లలో చేరతాం. అయితే వేగం ఎత్తుకోవడానికి ఇంధనం రెట్టింపు, మళ్ళీ దించుకోవడానికి కూడా రెట్టింపు. పైగా ఎడమకు, కుడికి, పైకి, కిందికి ఒక్కొక్క దిక్కుకూ వేరువేరు ఖాతా. నౌకను జరపడం ఒకటి, ఉన్నచోటనే తిప్పడం ఇంకొకటి. ఆ తిప్పుడులోనూ మూడు రకాలు. ఇన్ని ఖాతాలూ చివరికి దాదాపు సున్నాకు రావాలి. స్పేస్ఎక్స్ ఆటలో చివరి ఘడియలో వేగం సెకనుకు 0.2 మీటర్ల కంటే తక్కువ ఉండాలి. చీమ నడక కంటే కాస్త నయం, అంతే.

మా మేనల్లుడి కూతురు పదో తరగతి చదువుతున్నది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కంప్యూటర్లో ఇంగ్లీషు. "మామా, పిల్ల రాత్రిళ్ళు ఆటలాడుతున్నది. లాప్‌టాప్ అమ్మేస్తా, నువ్వొకసారి చూసి చెప్పు" అన్నాడు మేనల్లుడు. వారం రోజులు ఆమె పక్కన కూర్చుని చూశాను. మొదటి నాలుగు రోజులు నౌక కేంద్రాన్ని గుద్దుతూనే ఉంది, లేకపోతే దాటి ఎటో పోయింది. కుడికి పోతున్నదని ఎడమకు నొక్కడం, అది ఎక్కువై మళ్ళీ కుడికి నొక్కడం. ఐదో రోజున ఒక నోటుబుక్కులో గీతలు గీసి, జమా ఖర్చుల్లాగా ప్రతి నొక్కుడూ రాయమన్నాను. చేయి దానంతటదే నిదానించింది. ఆరో రోజు నలభై నిమిషాలు పట్టింది, నౌక కలిసింది. వాళ్ళ నానమ్మ "ఏమైంది బిడ్డా?" అని అడిగితే, "ఆగుమంటే ఆగదు నానమ్మా, ఆపితేనే ఆగుతది" అన్నది. ఏ గైడులోనూ న్యూటన్ నియమాన్ని ఇంత చక్కగా రాయగా నేను చూడలేదు.

ఆమె తడబడిన చోట గొప్పవాళ్ళూ తడబడ్డారు. 1965 జూన్‌లో జెమిని 4 నౌకలో వెళ్ళిన జేమ్స్ మెక్‌డివిట్, తమను మోసుకొచ్చిన రాకెట్ రెండో అంచెను సమీపించాలని చూశాడు. దానివైపు గురిపెట్టి తోసినా దగ్గర కాలేకపోయాడు. ఇంధనం బాగా ఖర్చవడంతో ఆ ప్రయత్నం మానుకున్నారు. భూమి చుట్టూ తిరిగే కక్ష్యలో వేగం పెంచితే నౌక పైకక్ష్యకు పోతుంది, అక్కడ చుట్టు తిరగడం నిదానం. ముందున్నదాన్ని అందుకోవాలంటే ముందు కాస్త కిందికి దిగాలి. చంద్రుడి మీద కాలుపెట్టిన బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎం.ఐ.టి.లో డాక్టరేటు చేసింది సరిగ్గా ఈ విషయం మీదనే.

మన ఇస్రో 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి స్పేడెక్స్ పేరుతో రెండు చిన్న ఉపగ్రహాలను పంపింది. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. జనవరి 9న కలపాలనుకుంటే, అవి అనుకున్నదానికంటే ఎక్కువగా పక్కకు జరగడంతో వాయిదా వేశారు. 12న మూడు మీటర్ల దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపారు. 2025 జనవరి 16న కలిపారు. ఈ పని చేసిన దేశాల్లో మనది నాలుగోది. మూడు మీటర్ల దాకా వచ్చి వెనక్కి జరపడానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. మన తెలుగు మూలాలున్న రాజాచారి, 2021 నవంబరులో స్పేస్ఎక్స్ క్రూ-3 నౌకకు కమాండరుగా వెళ్ళాడు. ఆయన తండ్రి హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్ళినవారు. ఆ నౌక తనంతట తానే కేంద్రాన్ని చేరుకోగలదు. అయినా అవసరమైతే చేతితో నడపడానికి కమాండరుకు శిక్షణ ఉండాల్సిందే.

ఇక తల్లిదండ్రులకు. ఈ ఆట ఆడితే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్ళను నమ్మకండి కూడా. మార్కులు కావాలంటే పుస్తకం చదవాల్సిందే. అయితే ఫోనులో వేలితో గీకే ఆటలన్నిటినీ, దీన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నేను మేనల్లుడికి ఒకటే చెప్పాను: పాత లాప్‌టాప్‌కు అయిదారు వేలు వస్తాయి, దాంతో నీ అప్పు తీరదు, పిల్ల చేతిలోది మాత్రం పోతుంది. రోజుకు గంట, అదీ రాత్రి తొమ్మిది లోపల, నోటుబుక్కు పక్కన పెట్టుకొని. అమ్మకం ఆగింది. పదకొండులో సైన్సుకు పంపాలా, పంపితే హాస్టలు ఖర్చు ఎక్కడిది అన్నది ఇంకా తేలలేదు. పత్తి అమ్మినాక చూద్దామన్నాడు. ఆడపిల్ల చదువు పత్తి ధర మీద ఆధారపడటం నాకు నచ్చలేదు, ఆ మాట అతనితోనూ అన్నాను. ట్రస్టు పెద్దలు ఇక్కడే ఉన్నారు గనుక మీ ముందూ అంటున్నాను.

ప్రయత్నించదలచిన పిల్లలకు ఒక్క సూచన. మొదటి రోజు ముందుకు పోయే బటన్ ముట్టుకోకండి. ముందు తిప్పడం నేర్చుకోండి. మూడు అంకెలూ సున్నా అయ్యేదాకా ఉన్నచోటనే ఉండండి. తర్వాత ఎడమ, కుడి, పైకి, కిందికి. ఆ తర్వాతే ముందుకు, అదీ ఒకటి రెండు నొక్కుళ్ళు మాత్రమే. వేగం చాలలేదనిపిస్తే నూరు అంకెలు లెక్కపెట్టండి, నౌక పోతూనే ఉంటుంది.